ఎండు చేలలో పద్యనాటకము

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు పెద్ద బాటపై, ఆంధ్రదేశము ముగిసి కన్నడదేశము మొదలగుచోట కొడికొండ కలదు. అచ్చట పడమటికి తిరిగి లేపాక్షి దారి పట్టినచో నడుమ చిలమత్తూరు వచ్చును. చిరకాలము అనంతపురము జిల్లాలో నున్న ఈ సీమ 2022లో జిల్లాలను విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు. ఎఱ్ఱనేల, నడుమ నడుమ బోడిగుట్టలు, అడుగంటిన చెఱువులు, గట్లపై చింతచెట్లు. చైత్ర వైశాఖములలో పగటివేళ ఈ దారిని పోవువారికి చేలలో మనుష్యుడు కానరాడు. ఇచ్చటివారు ఈ రెండు మూడు నెలలు ఏమి చేయుదురని ప్రయాణికునకు సందేహము కలుగును. సందేహము సమంజసమే. కాని సమాధానము కావలెనన్నచో రాత్రి పది గంటలకు రావలెను.

రాత్రి పది గంటలకు, ఈ చుట్టుప్రక్కల ఏదో యొక పల్లెలో, దేవళము ముందటి బయలులో హార్మోనియము శ్రుతి పట్టును. తబలా దానితో కలియును. తెర వెనుక నుండి పదిమంది గొంతులు ఒక్కసారిగా ప్రార్థన నెత్తుకొనును. పూర్వమువలె ప్రతి ఊరను కాకపోయినను, నేటికిని ఈ సరిహద్దు గ్రామములలో పౌరాణిక నాటకము ఇట్లే మొదలై తెల్లవాఱుదాక సాగును. అచ్చట నాటకశాల లేదు. నెలజీతపు నటులు లేరు. టిక్కెట్టు లేదు. అయినను వందలకొలది జనము రాత్రియంతయు కదలక కూర్చుండు సంగీత నాటకము నడచును. ఇది ఎవరి సొమ్ముతో, ఎవరి గొంతుతో, ఎవరి తీరికతో నడచుచున్నది? సామాన్యముగా మొదటి రెండు ప్రశ్నలనే అడుగుదురు. నాకు మూడవదే ముఖ్యముగా తోచుచున్నది.

ముందుగా ఒక పరదేశపు ముచ్చట. అమెరికాలో వేసవి నాటక సంఘములని కొన్ని కలవు. గదులను చల్లపఱచు యంత్రములు రాని కాలమున న్యూయార్కు వంటి నగరములలోని నాటకశాలలు వేసవి ఉక్కకు మూతపడుచుండెను. కలిగినవారు సముద్రతీరములకు, కొండలకు విడిదికై పోవుదురు. పని లేని నటులు వారి వెంటనే పోయి, పాత ధాన్యపు కొట్లలోను, పాడుపడిన సమావేశమందిరములలోను నాటకములాడిరి. మసాచుసెట్సు రాష్ట్రమున డెన్నిస్ అను ఊర 1927లో వెలసిన కేప్ ప్లేహౌస్ అట్టిదే; తరువాత జగద్విఖ్యాతయైన సినిమా నటి బెటీ డేవిస్ అక్కడ మొదట ప్రేక్షకులకు ఆసనములు చూపు పనిలో చేరినది. సెయింట్ లూయిస్ నగరమున ఆరుబయట పదునొకండు వేలమంది కూర్చుండదగిన రంగశాల కలదు. 1919 నుండి అచ్చట వేసవిలో సంగీత నాటకములు జరుగుచున్నవి. వెనుక వరుసలలో సుమారు పదునైదు వందల ఆసనములు ఉచితము.

ఈ సంఘముల కీలకము వాని ఇంగ్లీషు పేరులోనే యున్నది. ఆ పేరునకు అర్థము ‘నిల్వ సరకు’. తెరలు నిల్వ, దుస్తులు నిల్వ, నటులు నిల్వ. ఈ వారము రాజమందిరమైన తెర వచ్చువారము న్యాయస్థానమగును. రాత్రి ఒక నాటకము ఆడుచు, పగలు తరువాతి వారపు నాటకమును అభ్యసింతురు. పని నేర్చుకొన వచ్చిన కుఱ్ఱవాండ్రు మేకులు కొట్టి, రంగులు పూసి, చిన్న వేషములు కట్టుదురు. క్రొత్తగా దేనిని కొనక, ఉన్నదానినే మరల మరల త్రిప్పి వాడుకొనుటచేతనే అంత కొద్దికాలములో అన్ని నాటకములు సాధ్యమగును.

ఈ వృత్తాంతము చదివినప్పుడు నాకు చిలమత్తూరు సీమ నాటకమే జ్ఞప్తికి వచ్చినది. మనవాండ్రును నిల్వ సరకుతోనే బ్రదుకుచున్నారు. భేదమేమనగా, అక్కడ తీరిక ప్రేక్షకులది. ఇక్కడ తీరిక నటులదే.

ఆ తీరిక ఎక్కడిదో చూతము. అనంతపురపు సీమలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరముననే చాలవఱకు ఖాళీ యగును. రెండు ఋతువుల అంచున నున్న నేల ఇది. వానను నమ్మి జ్యేష్ఠాషాఢములలో వేరుసెనగ విత్తుదురు. కార్తికము నాటికి కాయ ఇల్లు చేరును, చేరనిచో చేలోనే మాడును. ఆ తరువాత మరల విత్తనపు అదను వచ్చువఱకు మెట్టరైతునకు నేలతో పని లేదు. మాఘ ఫాల్గుణములలో చింతపండు దులిపి, కొట్టి, హిందూపురపు సంతకు చేర్చుటతో చేతిలో నాలుగు రూపాయలాడును. పిమ్మట మిగిలినది ఎండ. మాగాణి సీమలలో రెండవ పంట, మూడవ పంట అని రైతునకు ఊపిరి సలుపదు. ఇచ్చట కరువు ఒక చేత అన్నము తీసికొని, మఱొక చేత రాత్రులను ఇచ్చినది. ఆ రాత్రులలో పుట్టినదే ఈ నాటకము.

విరాటపర్వము చదివించిన వాన కురియునని తెలుగు పల్లెలలో చిరకాలపు నమ్మకము. కావున వేసవి చివర పురాణము చెప్పించుట, తోలుబొమ్మలాడించుట, నాటకము కట్టుట వినోదము మాత్రమే కాదు. ఆకాశమునకు పంపుకొన్న అర్జీ కూడ. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందిన ఊరు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. తెలుగువారి మొదటి కుటుంబ నాటక సమాజమైన సురభివారు కూడ తోలుబొమ్మలాటల వంశమువారే. వారు 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ఆడిన తొలి నాటకము కీచకవధ. అదియు విరాటపర్వ కథయే. దానిని వానకై ఆడిరని నేననను. అయినను ఈ మెట్టసీమలలో ఏ కథ జనమునకు చేరువగా నున్నదో దానివలన తెలియుచున్నది.

ఇక ఈ నాటకమునకు పద్యము, రాగము ఎట్లబ్బినవి? అంతకు ముందు ఈ ప్రాంతమున వీధినాటకములు, యక్షగానములు, కన్నడపు ఎల్లలో బయలాటలు నుండెను. తెర, అంకము, రంగము అను క్రొత్త పద్ధతి మహారాష్ట్ర, ధార్వాడ నాటక సమాజముల వెంట వచ్చినది. ధార్వాడ సమాజమువారి ప్రదర్శనములు చూచిన పిమ్మటనే కందుకూరి వీరేశలింగముగారు 1880లో రాజమహేంద్రవరమున నాటకము లాడించిరని మన సాహిత్య చరిత్ర చదివిన విద్యార్థులెఱుగుదురు. కాని వారు అంతగా ఎఱుగని కథ బళ్లారిది. అనంతపురము 1882 వఱకు బళ్లారి జిల్లాలో భాగము. ఆ బళ్లారిలో ఇరువురు ప్లీడర్లు, పగలు కచ్చేరీలో వాదించి, రాత్రి నాటకములు వ్రాసిరి. ఒకరు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, సరస వినోదినీ సభ స్థాపించినవారు. మఱొకరు కోలాచలము శ్రీనివాసరావుగారు, సుమనోరమ సభవారు. ధర్మవరమువారి ‘చిత్రనళీయము’ 1887లో రంగమెక్కినది. తెలుగు నాటకమున పద్యములను, పాటలను నిండుగా చేర్చి రక్తి కట్టించినది ఆయనయే. ఆంధ్ర నాటక పితామహుడని జనము ఆయనను పిలిచినది ఇందులకే.

ఎల్లకు ఆవలి వైపున గుబ్బి వీరన్నగారి సమాజము ఉండనే యున్నది. 1884లో తుమకూరు జిల్లా గుబ్బిలో పుట్టిన ఆ సమాజము కురుక్షేత్ర నాటకమున రంగముపైకి నిజమైన ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చినదని నేటికిని చెప్పుకొందురు. బాగేపల్లి, గౌరీబిదనూరు, పావగడ తాలూకాలలో ఇంటి భాష అనేకులకు తెలుగే. బడి భాష కన్నడము. అందుచే ఈ సీమ నాటకమునకు ఎల్ల లేదు. తుమకూరు పల్లెలలో కన్నడమున కురుక్షేత్రము, హిందూపురపు పల్లెలలో తెలుగున కురుక్షేత్రము. హార్మోనియము మేష్టరులలో రెండు భాషలలోను తాలీము ఇయ్యగలవారుండిరి. ఈ సీమలో అభ్యాసమునకు తాలీమనియే పేరు.

తెలుగు కురుక్షేత్రమునకు ఆధారము తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములు. గోదావరి సీమ కవుల పద్యములు ఇంత దూరపు మెట్టనేలకు వచ్చి, అక్షరము రాని రైతుల నాలుకలపై నిలుచుట సామాన్యమైన విషయము కాదు. అచ్చుపుస్తకము కొంత తెచ్చినది. ఊరూర తిరిగిన సమాజములు కొంత. గ్రామఫోను రికార్డులు ఇంకను ఎక్కువ. ఈలపాట రఘురామయ్యగారి వంటి గాయక నటుల పద్యములు రికార్డులకెక్కి, కాఫీ హోటళ్లలోను, తిరునాళ్లలోను మ్రోగి, విననివాని చెవిని సైతము పట్టుకొన్నవి. నాటకము చూడవచ్చు వానికి పద్యము ముందే తెలియును. ఏమి జరుగునో చూచుటకు వాడు రాలేదు; ఎట్లు పాడుదురో వినుటకు వచ్చినాడు. మన మొదటి నిల్వ సరకు ఇదియే.

ఈ సందర్భమున బళ్లారి రాఘవగారి ఆక్షేపణ తలచుకొనవలెను. ఆయన 1880లో తాడిపత్రిలో జన్మించిరి, ధర్మవరమువారికి మేనల్లుడు, న్యాయవాది, సీమలు దాటి పేరు మోసిన నటుడు. అట్టి రాఘవగారు రంగముపై సంగీతపు కచ్చేరీని సహింపలేదు. పాత్ర దుఃఖములోనున్నప్పుడు రాగము సాగదీయుట అసహజమని, నటన మాటలో, ముఖములో, నడకలో ఉండవలెనని ఆయన మతము. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని కూడ ఆయన పట్టుపట్టిరి. మేనమామ నాటకమునకు పాట నిచ్చెను. మేనల్లుడు దానిని వలదనెను! చదువుకొన్నవారు మేనల్లుని ప్రక్కన నిలిచిరి. పల్లెలు మేనమామను వదలలేదు.

పల్లెలది మూఢాభిమానమని అనుట సులభము. నేను కూడ చిరకాలము అట్లే అనుకొంటిని. ఒకసారి తాలీము జరుగుచుండగా కూర్చుండి వినిన పిమ్మట నా అభిప్రాయము కొంత సడలినది. సంతకము తప్ప వ్రాత రాని ఒక నడివయస్సు రైతు ఒక ఉత్పలమాలను అప్పగించుచున్నాడు. మూడవ పాదమున ఆగెను. మేష్టరు మాట అందింపలేదు. హార్మోనియముపై ఆ పాదపు ఎత్తుగడ మాత్రము పలికించెను. రైతు కన్నులు మూసికొని రాగమును కొంచెము సాగదీసెను. ఆ సాగదీతలోనే తప్పిపోయిన మాట దొరకినది. పాదము పూర్తియైనది.

“రాగం తీస్తావుంటే పదం తానే వస్తాది సామీ, వట్టి మాటైతే యాడికి పోయిందో కనపడదు,” అని ఆయన నాతో చెప్పెను.

ఉత్పలమాలకు పాదమునకు ఇరువది అక్షరములు, నాలుగు పాదములకు ఎనుబది. ప్రధాన పాత్రధారి ఒక రాత్రిలో ఇట్టి పద్యములు పదులకొలది పాడవలెను. వచనమును వినికిడిచే కంఠస్థము చేయుట కష్టము. పద్యమునకన్ననో రెండవ అక్షరమున ప్రాస గుఱుతు, పదవ అక్షరమున యతి గుఱుతు, పైన రాగము గుఱుతు. యతి అను మాట ఎఱుగని రైతు కూడ, అక్షరము మాఱినచో ఎక్కడనో కాలు మెట్టు జాఱినట్లు గ్రహించును. రాఘవగారికి అనవసరమైన అలంకారముగా తోచిన రాగాలాపనము ఈ నటునకు జ్ఞాపకపు ఊతకఱ్ఱ. మఱియొక కారణము కూడ కలదు. మైకులు లేని కాలమున ఆరుబయట వెనుక వరుసలోని ముసలమ్మకు వినబడవలెనన్నచో మామూలు మాట చాలదు. ఎత్తైన శ్రుతిలో నిలిపిన స్వరమే అంత దూరము పోవును. అచ్చటి గాలి, అచ్చటి నిరక్షరత, అచ్చటి దూరము కలిసి నిర్ణయించిన కళారూపమిది. రాఘవగారి వాదము నాలుగు గోడల రంగశాలలో ఒప్పు. బయలులో దానికి బలము చాలదు.

ఇక నడపుట ఎట్లో చెప్పెదను. సంక్రాంతి దాటిన తరువాత ఒక సాయంకాలము ఊరి పెద్దలు, ఉత్సాహము గల పడుచువారు దేవళపు అరుగుపై చేరుదురు. ఏ నాటకమన్నది మొదటి మాట. ఎక్కువగా కురుక్షేత్రము, కానిచో బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర, లేక రామాయణ కథ. రెండవ మాట మేష్టరు. ఈయన పొరుగూరివాడు. రెండు మూడు నెలలు ఊరిలోనే బస. పూట కొక యింట భోజనము. తాలీమునకు ఇంతయని గుత్త. పాత్రలన్నిటి పద్యములు, వాని రాగములు, ప్రవేశ నిష్క్రమణములు, తెర ఎప్పుడు పడవలెనో, ఎప్పుడు లేవవలెనో అన్నియు ఆయన తలలోనే యుండును. దర్శకుడు, సంగీతజ్ఞుడు, ఉపాధ్యాయుడు, తగవరి ఒక్కడే. తగవరి అని ఏల అంటిననగా, మూడవ మాట పాత్రల పంపకము.

పట్టణపు చదువరులకు ఇది వింతగా నుండవచ్చును. ఇచ్చట నటునకు డబ్బీయరు, నటుడే డబ్బిచ్చును. శ్రీకృష్ణునకు, దుర్యోధనునకు హెచ్చు చందా, భీమార్జునులకు కొంచెము తక్కువ, ద్వారపాలకునకు నామమాత్రము. నాటకపు ఖర్చులో అధికభాగము ఈ విధముగనే లేచును. ధనము గలవానికి గొంతు లేకపోవుట, గొంతు గలవానికి ధనము లేకపోవుట లోకసహజము. అప్పుడు మేష్టరు యుక్తి కావలెను. ఒకే పాత్రను ఇద్దఱకు, ముగ్గురకు పంచి, మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని రాత్రిని భాగించుట ఒక ఉపాయము. రాయబారపు పద్యములు గొంతున్నవానికి, తక్కిన దర్బారు రంగములు చందా హెచ్చుగా నిచ్చినవానికి. ధర్మరాజు వేషమునకు మాత్రము పోటీ తక్కువ. ఓర్పును అద్దెకు తీసికొనుట కెవరును ముందుకు రారు కాబోలు!

తాలీము రాత్రి భోజనముల తరువాత జరుగును. పూర్వము ఏకోపాధ్యాయ పాఠశాలల కాలమున బడి గదియే తాలీము గది. పంతులుగారు అచ్చుపుస్తకము నుండి ఒక్కొక్కరి పాత్రను వేఱు వేఱు నోటుపుస్తకములలో వ్రాసియిచ్చుచుండిరి. చదువురానివారికి వల్లె వేయించుచుండిరి. ‘దుర్యోదనుడు’ అన్నవాని చేత ‘ధ’కారమును పలికించుటకు ఎంత పాటుపడిరో! రాయబారములో సంధి చెడినను పద్యములో సంధి చెడగూడదని వారి పట్టుదల. ఆ రాత్రులలో ఎందఱో రైతులు తమ పాత్రను తామే చదువుకొనవలెనను పౌరుషముతో అక్షరములు కూడబలుకుకొనిరి. వయోజన విద్యా లెక్కలలో వారు చేరలేదు. బడిపిల్లలు కిటికీల వెలుపల నిలిచి, పెద్దలకంటె ముందుగా పద్యములు పట్టుచుండిరి. మఱునాడు తరగతిలో తిక్కన పద్యము చెప్పునప్పుడు పంతులుగారికి శ్రమ తగ్గుచుండెను.

స్త్రీ పాత్రల సంగతి. ఒకప్పుడు మగవారే ధరించుచుండిరి. ఆ విద్యలో స్థానము నరసింహారావుగారి కీర్తి, 1956లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ అందఱకు తెలిసినవే. తరువాత పట్టణముల నుండి వృత్తినటీమణులను పిలిపించు ఆచారము స్థిరపడినది. ఇద్దఱు ముగ్గురు వత్తురు; ద్రౌపది, రుక్మిణి, సత్యభామ, ఉత్తర, ఎవరు ఏ వేషమైనను కట్టగలరు. వారు తాలీమునకు రారు. నాటకము నాటి సాయంకాలము దిగి, మేష్టరుతో శ్రుతి సరిచూచుకొని, తామెన్నడును చూడని కృష్ణునితో రాత్రి సరస సంవాదము నడపుదురు. నాటకమంతయు వారికి కంఠస్థము. ఊరివాడు మాట మఱచినచో తమ మాటలో దానిని కలిపి అందింతురు. తప్పు ప్రేక్షకునకు తెలియదు. వేసవిలో వరుసగా రాత్రి కొక యూరు, పగలు బస్సులో నిద్ర. మొత్తము ఏర్పాటులో ఎక్కువ నైపుణ్యము, తక్కువ గౌరవము వీరిదని నా అభిప్రాయము. చందా ఇచ్చిన దుర్యోధనునకు పూలమాల పడును. అతని పద్యమును కాపాడిన భానుమతికి తెల్లవాఱిన తరువాత లెక్కలో బేరము తప్పదు.

దుస్తులు, తెరలు అద్దెవి. పట్టణములలో వీనికి ప్రత్యేకముగా దుకాణములు కలవు. ఇనుప ట్రంకుపెట్టెలలో కిరీటములు, భుజకీర్తులు, అద్దాల అంగీలు, బూరుగుదూది నింపిన గదలు, రెక్క రాలిన నెమలిపింఛములు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, అంతఃపురపు తెర. ఈ నాలుగింటితో హస్తినాపురము, ద్వారక, విరాటనగరము, అయోధ్య, కాశీ అన్నియు ఏర్పడును. నిన్న హరిశ్చంద్రుడు తీసివేసిన కిరీటము నేడు దుర్యోధనుడు పెట్టుకొనును. వెనుకటి రాత్రివాని చెమట ఇంకను ఆరియుండదు. ముఖమునకు రంగు వేయువాడు ఆ దుకాణమువాడే. పూర్వము అర్దళము పూయుచుండిరి, తరువాత డబ్బా రంగులు వచ్చినవి. పెట్రోమాక్సుల స్థానమున విద్యుద్దీపములు, మైకులు వచ్చి చేరినవి. మైకు వచ్చినప్పటినుండి శ్రుతి కొంత తగ్గినది, చప్పుడు ఎక్కువైనది.

రాత్రి నడక అందఱకు తెలిసినదే గనుక విస్తరింపను. ప్రార్థన, పాత్రల పరిచయము, ఆ తరువాత రాగము. పద్యమునకు పద్యమునకు నడుమ చదివింపులు. ‘ఫలానావారు శ్రీకృష్ణ పాత్రధారికి’ అని మైకులో ప్రకటింతురు. మేనమామ నోట్ల దండ వేయును. కౌరవసభ ఐదు నిమిషములు ఆగును. వన్స్‌మోర్ అని కేక వచ్చినచో చచ్చిన అభిమన్యుడైనను లేచి పాడవలసినదే. నాటకకళ దృష్టితో ఇవి దోషములని ఒప్పుకొనవలసినదే. కాని ఆ నోట్లే తెల్లవాఱుజామున తబలావానికిని, తెరలవానికిని బాకీ తీర్చునని తెలిసినవాడు కొంచెము ఓర్చుకొనును.

చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ల ముందు వేసవిలో జరుగు భారత ఉత్సవములు దీనికి జ్ఞాతులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. దినముల తరబడి భారతమంతయు నడచును. అర్జునుడు నిలువెత్తు మ్రానెక్కి తపస్సు చేయును. ఆఖరున మట్టితో చేసిన మహాకాయుడగు దుర్యోధనుని భీముడు కూల్చును. అది గుడి పండుగ, వృత్తి కళాకారుల రంగము. చిలమత్తూరు వైపు నాటకము ఊరివారి తాలీము ఫలము. లేపాక్షి నాట్యమండపమున రంభ నర్తించుచుండగా దేవతలే వాద్యములు పట్టిన శిల్పములున్నవి. ఇచ్చటివారు ఆ ఆలయమునకు పోయివచ్చుచునే, వాద్యమును తామే పట్టిరి.

సినిమా ఈ నాటకమును చంపినదని పలువురందురు. నాకంత నమ్మకము లేదు. 1963లో నర్తనశాల, 1977లో దానవీరశూరకర్ణ వచ్చిన తరువాత పల్లె దుర్యోధనులు ఇంకను పెరిగిరి. మీసము త్రిప్పుట, నడక, మాటల విఱుపు సినిమా నుండి దిగినవి. ఆ కృష్ణ దుర్యోధన పాత్రలకు ప్రసిద్ధులైన నందమూరి తారక రామారావుగారిని హిందూపురము 1985, 1989, 1994 ఎన్నికలలో శాసనసభకు పంపినది. రంగముపై అభిమానము తగ్గిన సీమ చేయు పని కాదది.

తగ్గినది తీరిక. బెంగుళూరు ఇచ్చటికి కొన్ని గంటల ప్రయాణము. వేసవిలో చేను ఖాళీ యనగానే పడుచువారు భవనముల పనులకు, కర్మాగారములకు, కావలి ఉద్యోగములకు పోవుదురు. బోరుబావి ఉన్నవారు మల్బరి, కూరగాయలు పెట్టి వేసవిలో కూడ చేను విడువలేరు. ఇది నిందింపదగిన విషయము కాదు. ఆకలితో తాలీము చేయుమని ఎవరిని అడుగగలము? కరువు ఇచ్చిన రాత్రులను కరువే కూలికి అమ్ముకొన్నది. రెండు మూడు నెలల తాలీము ఇప్పుడు ఆదివారపు తాలీమైనది. కొందఱు మేష్టరు పాడిన పద్యమును సెల్‌ఫోనులో పట్టుకొని, నగరములో పని ముగిసిన తరువాత చెవిలో పెట్టుకొని అభ్యసించుచున్నారు. పండుగకు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి వేషము కట్టుదురు. మఱికొన్ని ఊళ్లు ఆ తంటా లేకుండ, పట్టణపు కళాకారులను ఒక రాత్రికి గుత్తకు మాటాడుచున్నవి. ఆ నాటకము నిస్సందేహముగా మేలైనది: శ్రుతి తప్పదు, మాట తప్పదు. కాని మఱునాటి ఉదయము ఆ ఊరిలో పద్యము వచ్చినవాడు ఒక్కడును క్రొత్తగా పుట్టడు.

మేష్టరులలో అనేకులు వృద్ధులు. వారి తలలోని నాటకమునకు వ్రాతప్రతి లేదు. ఏ పద్యము ఏ రాగమున, ఎక్కడ నిలుపవలెనో, ఎక్కడ తబలా ఆగవలెనో అచ్చుపుస్తకములో ఉండదు. ఈ వ్యాసము చదువు ఉపాధ్యాయులలో ఎవరైనను అట్టివారి ఊర పని చేయుచున్నచో, పది రాత్రులు ప్రక్కన కూర్చుండి, పిల్లలచేత పద్యము ప్రక్కన రాగము పేరు వ్రాయించినను చాలును. నోటుపుస్తకము ఖరీదు తప్ప ఖర్చు లేదు.

తెల్లవాఱునప్పటికి దుర్యోధనుడు తొడలు విఱిగి పడియుండును, మంగళము పాడుదురు. జనము చాపలు చుట్టుకొని లేతురు. కృష్ణుడు ముఖముపై కొబ్బరినూనె రాచుకొని రంగు తుడుచుకొనును, ఆఱు గంటల బస్సునకు బెంగుళూరు పోవలెను. దుకాణమువాడు కిరీటములు లెక్కించి ట్రంకుపెట్టెలో పెట్టును. ఒక భుజకీర్తి తక్కువైనది. వెదకగా అది ఒక పిల్లవాని భుజమున దొరకును. వాడు చింతచెట్టు క్రింద నిలిచి, రాత్రి విన్న పద్యమును రెండవ పాదమువఱకు తప్పు లేకుండ పాడుచున్నాడు.